గురివింద ఎరుగని నలుపు

కృష్ణానది నీటిని గొనివచ్చు మూడు కాలువలు తెనాలి పట్టణము నడుమగా సాగిపోవుచున్నవి. ధనుర్మాసమున వేకువజామున ఆ కాలువలపైని, వరి కోసిన మళ్లలో లేతగా లేచిన మినుపచేలపైని మంచు దట్టముగా దిగును. అప్పుడు వేమూరు మీదుగా రేపల్లెకు పోవు దారిలోగాని, దుగ్గిరాల మీదుగా విజయవాడకు పోవు దారిలోగాని ప్రయాణము చేయువానికి చెట్లు కనబడవు, మైలురాళ్లు కనబడవు, కాలువగట్టు ఎక్కడ ముగిసి నీరెక్కడ మొదలగునో కూడ తెలియదు. కనబడునవి ముందు పోవు బండి వెనుకనున్న రెండు ఎఱ్ఱని చుక్కలు మాత్రమే. ఆ చుక్కలు ఉన్నట్టుండి కాంతి హెచ్చినచో ముందువాడు వేగము తగ్గించుచున్నాడని అర్థము. ఒక ప్రక్కన పసుపువన్నె దీపము ఆరుచు వెలుగుచు ఉండినచో ఆ ప్రక్కకు తిరుగబోవుచున్నాడని అర్థము. ఈ రెండు మాటలను నమ్మి వెనుకవాడు తన ప్రాణమును ముందుకు నడుపుకొనుచుండును.

కారునందలి తక్కిన భాగములన్నియు దానిని నడుపువాని కొఱకు ఏర్పడినవి. ఇంజను అతనిని మోయును. ముందరి దీపము అతనికి దారి చూపును. మెత్తని సీటు అతని నడుమునకు సుఖమిచ్చును. హారను ఇతరుల కొఱకే అయినను దాని మ్రోత ముందుగా అతని చెవికే తగులును. కనుక అది మూగపోయిననాడే అతనికి తెలియును. బ్రేకు దీపము సంగతి వేరు. అతడు కాలితో పలుకును. ఆ పలుకు అతని వీపు వెనుక వెలువడును. వెలువడినదో లేదో అతడెరుగడు. గురివింద గింజ తన క్రింది నలుపెరుగదని సామెత. ఎఱ్ఱదనమునకును నలుపునకును ముడిపెట్టిన ఆ సామెతకు కారు వెనుక దీపముకంటె తగిన ఉదాహరణము దొరకదు. తెనాలి రామలింగని లోకము వికటకవి అన్నది. ఆ మాటను ఏ కొననుండి చదివినను ఒక్కటే. కారు అట్టిది కాదు. ముందునుండి చదివిన కారు వేరు, వెనుకనుండి చదివిన కారు వేరు. నడుపువాడు ఎల్లప్పుడును మొదటిదానినే చదువుచుండును.

ఒక దృష్టాంతము ఊహింపదగును. తెనాలిలో కాపురముండి ప్రతిదినము వేమూరు దిక్కుననున్న ఒక ఉన్నత పాఠశాలకు కారులో పోయివచ్చు భౌతికశాస్త్రోపాధ్యాయులు ఒకరు. కారు పాతది, మూడు చేతులు మారి వారి వాకిట చేరినది. ఏటేట పదవ తరగతి పిల్లలకు నల్లబల్లపై బ్యాటరీని, తీగను, బల్బును గీసి విద్యుద్వలయమనగా ఏమో బోధించుట వారి వృత్తి. ఒకనాటి ఉదయమున గేదెల మంద గట్టు దిగి రోడ్డుపైకి వచ్చెను. మాస్టారు బ్రేకు త్రొక్కిరి. కారు నిలిచెను. మరుక్షణమున వెనుకనుండి టైరు రోడ్డును గీరిన చప్పుడు వినవచ్చెను. దిగి చూడగా, అదే పాఠశాలలో లెక్కలు చెప్పు యువకుడు మోటారు సైకిలుపై నున్నాడు. అతని వెనుక ఏడేండ్ల కూతురు తండ్రి నడుమును గట్టిగా పట్టుకొని కూర్చున్నది. ముందు చక్రమునకును కారు బంపరునకును నడుమ జానెడు ఎడము మిగిలినది.

“ఏమయ్యా, ముందు బండికి కాస్త దూరం ఉంచొద్దా?” అనిరి మాస్టారు.

“దూరం ఉంచానండి. మీరు ఆగుతున్నట్టే తెలియలేదు. మీ బ్రేకు లైటు వెలగలేదు మాస్టారూ.”

“వెలగకపోవడమేమిటి? మొన్ననేగా బండి సర్వీసు చేయించింది!”

ఇద్దరును అసత్యమాడలేదు. మాస్టారు సర్వీసు చేయించిన మాట నిజము. నూనె మార్చిరి, గాలి పట్టిరి, అద్దములు తుడిచిరి. వెనుక నిలిచి చూచినవారు మాత్రము లేరు. ఇట్టి లోపము తొలుత యజమానికి నిందగా వినబడును, ఆ పిమ్మట వార్తగా వినబడును. నడుమ గడచిన కాలములో కొందరు వెనుకవారిని దూషించుచునే సంవత్సరములు గడుపుదురు.

తెనాలివంటి పట్టణములో మోటారు వైరింగు పనిచేయు షెడ్డులు చూచుటకు మిక్కిలి సామాన్యమైనవి. రేకుల పంచ, గోడకు వ్రేలాడు వైరు చుట్టలు, పాత బ్యాటరీలు, ఒక మూల తుక్కు కుప్ప. ఈ ఊరి తుక్కునకును కొంత గౌరవమున్నది. బండ్ల పళ్లచక్రములు, బోల్టులు, నట్లు ప్రోగుచేసి విగ్రహములుగా అతుకుటలో తెనాలి శిల్పులు ప్రసిద్ధులు. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు 2021లో ప్రధాని నరేంద్ర మోదీ విగ్రహమును పదునాలుగు అడుగుల ఎత్తున ఇట్టి ఇనుప తుక్కుతోనే నిలిపిరి. అది అటుండనిచ్చి షెడ్డులోనికి పోదము. మాస్టారి కారును చూచిన ఎలక్ట్రీషియను చేత స్క్రూడ్రైవరు పట్టలేదు. పని నేర్చుకొను కుర్రవానిని కారు వెనుక నిలువబెట్టి, మాస్టారిని సీటులోనే కూర్చుండుమని ముందుగా మూడు ప్రశ్నలడిగెను.

“బ్రేకు తొక్కండి మాస్టారూ.”

“ఎడమది లేదన్నా. కుడిది గుడ్డిగా ఉంది,” అని వెనుకనుండి కుర్రవాడు పలికెను.

“తొక్కి ఉంచి, కుడి ఇండికేటరు వేయండి.”

“ఇండికేటరు కొట్టుకున్నప్పుడల్లా పక్కన ఎర్రది కూడా ఊగుతోందన్నా.”

“ఇప్పుడు ఎడమది.”

“ఎడమది టకటకా కొట్టుకుంటోంది.”

ఎడమ ఇండికేటరు వేగముగా కొట్టుకొనుట మాస్టారు చాల దినములుగా వినుచునే యుండిరి. అది ఉత్సాహముగా పనిచేయుచున్నదని భావించిరి!

పనిమంతుడు మొదట వస్తువును విప్పడు, లక్షణములను విప్పును. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహమును సంస్కృతము చదువుకొను పిల్లలు నేటికిని తొలి తర్కపాఠముగా చదువుదురు. పొగ ఉన్నచోట నిప్పు ఉండుట అన్వయము. నిప్పు లేనిచోట పొగ లేకుండుట వ్యతిరేకము. ఈ రెంటిని జతగా పట్టి చూచినపుడే హేతువు గట్టిపడునని ఆ శాస్త్రము. షెడ్డులోని ఎలక్ట్రీషియను ఆ గ్రంథము పేరు వినియుండకపోవచ్చును. ఎడమ బల్బును తీసి కుడి హోల్డరులో పెట్టి చూచునపుడు అతడు చేయునది మాత్రము అదే. బల్బుతో పాటు లోపము కూడ కుడికి నడచి వచ్చినదా, దోషి బల్బు. బల్బు మారినను లోపము ఎడమననే కూర్చున్నదా, దోషి ఆ చోటు, అనగా హోల్డరో, తీగయో, తిరుగుదారియో. ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. బల్బు కొని, హోల్డరు కొని, స్విచ్చి కొని, చివరకు ఏది మార్చగా బాగుపడినదో ఎరుగక సంతోషించువారు తర్కమునకు బదులు డబ్బు వ్యయము చేయుచున్నారు.

ఆ కారులో ఎడమ దీపము కథ సులభముగా తేలినది. తోక దీపమునకును బ్రేకు దీపమునకును చాల కార్లలో ఒక్కటే బల్బు. దాని గాజు బుడ్డిలో రెండు తీగలు: ఒకటి 5 వాట్లది, రాత్రియందు సన్నగా వెలుగుచుండుటకు, రెండవది 21 వాట్లది, బ్రేకు త్రొక్కినపుడు భగ్గుమనుటకు. ఎడమ బల్బులో పెద్ద తీగ తెగినది, చిన్న తీగ బ్రతికియున్నది. రాత్రి పూట కారు వెనుకకు పోయి చూచినవానికి రెండు దీపములును వెలుగుచునే కనబడును. అందువలననే మాస్టారు మోసపోయిరి. ఇట్టి బల్బు మెడకు రెండు చిన్న మేకులుండును. అవి రెండును ఒకే ఎత్తున నుండవు. తిరుగవేసి పెట్టరాదనియే ఆ ఏర్పాటు. బలవంతముగా త్రిప్పి పెట్టినవాడు చిన్న తీగకు పెద్ద తీగ పని అప్పగించినవాడగును. అపుడు పగలు బ్రేకు త్రొక్కినను మిణుగురు వెలుగే వచ్చును.

ఎడమ ఇండికేటరు తొందరకు కారణము ముందు వైపున దొరికినది. అచ్చటి బల్బు మాడినది. కదలని దీపములను ఆర్పి వెలిగించుచుండు ఫ్లాషరు అను చిన్న డబ్బీ ఒకటి కారులో నుండును. నిమిషమునకు 60 మొదలు 120 సార్ల వరకు దీపము కొట్టుకొనుట నియమము. ఒక ప్రక్క బల్బులలో ఒకటి మాడినపుడు పారు విద్యుత్తు తగ్గును. దానిని కనిపెట్టి, నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కావలెననియే రెట్టింపు వేగముతో కొట్టుకొనునట్లు చేసిరి. నడుపువానికి కనబడని లోపమును అతని చెవికి చేర్చుటకు కారు చేయు ప్రయత్నమది. పాత ఫ్లాషరులో ఇంత యోచన లేదు. దానిలో రెండు లోహములను అతికిన బద్ద వేడికి వంగును, చల్లారి తిన్నబడును. వంగునపుడు వలయము తెగును, తిన్నబడగానే కలియును. బల్బు మాడినపుడు వేడి చాలక అది మందగించెడిది, లేక వెలిగిన దీపము వెలిగినట్లే నిలిచిపోయెడిది. కనుక పాత కారు వైద్యమున మందగతియు, కొత్త కారు వైద్యమున శీఘ్రగతియు ఒకే రోగమునకు చిహ్నములు. ఇపుడు కొందరు ముచ్చటపడి ఇండికేటరు బల్బులు తీసి ఎల్.ఇ.డి. బల్బులు పెట్టించుచున్నారు. అవి త్రాగు విద్యుత్తు స్వల్పము. ఫ్లాషరు వానిని చూచి బల్బు మాడినదని భ్రమించి పరుగులెత్తును. అది రోగము కాదు, అపోహ. దానికి తగిన ఫ్లాషరు మార్చిననే తీరును.

ఇక మిగిలినది కుడి దీపము. అన్నిటికంటె కష్టమైనదియు, చెప్పదగినదియు అదే.

కొత్త బల్బు పెట్టిరి. అదియు గుడ్డిగనే వెలిగినది. బ్రేకు త్రొక్కి ఇండికేటరు వేయగా ఎఱ్ఱదీపము ఊగుట మానలేదు. ఇట్టిచోట అనుభవము లేనివాడు ముందునుండి వచ్చు తీగనే వెదకును. ఎక్కడ తెగినదో, ఎక్కడ నలిగినదో అని కారంత పొడవునను గోకును. కృష్ణా డెల్టాలో పుట్టినవానికి ఇది సులభముగా బోధపడవలసిన సంగతి. ఇక్కడి చేనికి నీరు తెచ్చు కాలువ ఒకటి ఉండును. వాడిన నీటిని, వాన నీటిని తీసికొనిపోవు మురుగు కాలువ ఇంకొకటి ఉండును. మురుగు కాలువలో తూడు పెరిగి పూడినపుడు నీరు నిలిచి ప్రక్క రైతు మడిలోనికి ఎదురెక్కును. పంట కాలువకు తూము ఎంత బాగుగనున్నను ఆ చేను మునుగక మానదు. కారునందు కూడ విద్యుత్తునకు రాకదారి ఒకటి, పోకదారి ఒకటి. బ్యాటరీ నుండి దీపము వరకు తీగ తెచ్చును. దీపము నుండి బ్యాటరీకి కారు ఇనుప ఒడలే తిరుగుదారి. దానినే షెడ్డులలో ‘ఎర్తు’ అందురు. దీపపు డబ్బా నుండి ఒక చిన్న తీగ వచ్చి స్క్రూతో ఒడలికి బిగింపబడియుండును. ఆ స్క్రూ తుప్పు పట్టినచో, హోల్డరులో చిలుము పేరినచో, తిరుగుదారి పూడినట్లే. అపుడు బ్రేకు దీపపు విద్యుత్తు తన దారిన పోలేక ప్రక్కనున్న ఇండికేటరు తీగలో ఎదురెక్కి వేరొక మార్గమున భూమి చేరజూచును. అందువలననే సంబంధము లేని రెండు దీపములు ఒకదానితో ఒకటి ఊగులాడును. ఒక దీపము వెలిగించగా వేరొక దీపము మసకబారినను, వణికినను ముందుగా చూడవలసినది ఎర్తు. కాలువలు, వానలు, ఉప్పుగాలి కలిసిన ఈ ప్రాంతములో ఈ జబ్బు మిక్కిలి సాధారణము. డిక్కీ అంచు రబ్బరు చినిగిన కారుకు తుపాను వానలు వెళ్లిన నెల దినములకే ఇది పుట్టును.

ఈ లోపము మోసకారి కూడ. కొలత యంత్రము తెచ్చి బల్బు తీసిన హోల్డరులో తాకించి చూచినపుడు నిండుగా పన్నెండు వోల్టులు చూపును. చూచినవాడు విద్యుత్తు చక్కగా వచ్చుచున్నదని బల్బు అమ్మినవానిని తిట్టును. కొలత యంత్రము త్రాగు విద్యుత్తు లేశమాత్రము. లేశమాత్రమునకు పూడిన దారి కూడ చాలును. 21 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద త్రాగునది 1.75 ఆంపియర్లు. దారిలో రెండు ఓముల అడ్డు నిలిచినచో బల్బునకు దక్కునది ఇంచుమించు తొమ్మిది వోల్టులే. వోల్టులు నాలుగవ వంతు తగ్గినపుడు వెలుగు నాలుగవ వంతు తగ్గదు, సగముకంటె తక్కువకు పడిపోవును. అందువలన తెలిసిన ఎలక్ట్రీషియనులు రెండు తీగలు తగిలించిన ఒక బల్బును, అనగా టెస్టు ల్యాంపును దగ్గరుంచుకొందురు. నిజమైన బరువు మోపిననే వంతెన బలము తెలియును.

ఆ ఓము అను మాటకు వెనుకనున్న మనిషి బడిపంతులే అని పిల్లలకు చెప్పినచో పాఠము కొంత దగ్గరగును. గియోర్గ్ సైమన్ ఓం జర్మనీలో తాళములు చేయువాని కుమారుడు. 1817 నుండి కొలోన్ నగరమున ఒక పాఠశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించుచు, తన సొంత పరికరములతో ప్రయోగములు చేసి 1827లో తన సూత్రమును గ్రంథముగా వెలువరించెను. స్వదేశమున దానికి తొలుత ఆదరము కలుగలేదు. లండనులోని రాయల్ సొసైటీ వారు 1841లో కోప్లీ పతకమునిచ్చిన పిదపనే పండితులకు ఆయనపై దృష్టి మరలెను. మాస్టారు ఇరువదియేండ్లుగా ఆ సూత్రమును నల్లబల్లపై వ్రాయుచునే యుండిరి. దాని చిలుము వారి డిక్కీలోనే ఉన్నదని మాత్రము ఆనాడు తెలిసినది. ఎలక్ట్రీషియను స్క్రూ విప్పి, గరుకు కాగితముతో ఇనుమును మెరయునట్లు గీకి, తీగ కొనకు కొత్త వలయము వేసి బిగించి, పైన కొంచెము గ్రీజు పూసెను. కుడి దీపము భగ్గుమనెను.

ఇవన్నియు ఒక్కొక్క దీపమునకు వచ్చు జబ్బులు. ఉన్న బ్రేకు దీపములన్నియు ఒక్కమాటుగా ఆరిపోయినపుడు బల్బులను అనుమానించుట అవివేకము. మూడు బల్బులు ఒకేనాడు కూడబలుకుకొని మాడవు. అప్పుడు అన్నిటికి ఉమ్మడిగా నున్నచోట వెదకవలెను: ఒకటి ఫ్యూజు, రెండవది బ్రేకు పెడలు మీదనున్న స్విచ్చి. పెడలు తన చోటనున్నంత వరకు ఆ స్విచ్చి మొనను నొక్కిపట్టియుండును. త్రొక్కగానే మొన వెలికి వచ్చి వలయము కలియును. అచ్చటి ప్లాస్టిక్ బిళ్ల పగిలి రాలినచో మొన ఎల్లప్పుడును వెలికే యుండి దీపములు రాత్రింబవళ్లు వెలుగుచునే యుండును. ఉదయమునకు బ్యాటరీ చచ్చిన తరువాత గాని కారణము తెలియదు. అంతకంటె అపాయము వేరొకటి కలదు. ఎల్లప్పుడు ‘ఆగుచున్నాను’ అని చెప్పుచుండువాని మాటను వెనుకవాడు నమ్ముట మానివేయును. ఇండికేటరులు రెండు ప్రక్కలను వెలుగక, ఆపదవేళ నాలుగును ఒక్కసారి కొట్టుకొను మీట నొక్కగా వెలిగినచో బల్బులు నిర్దోషులు. ఫ్యూజునో, స్టీరింగు ప్రక్కనున్న స్విచ్చినో చూడవలయును.

ఫ్యూజు విషయమున ఒక దురాచారము కలదు. మాటిమాటికి మాడుచున్నదని సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము చుట్టి పెట్టువారు, పదింటికి బదులు ముప్పది ఆంపియర్లది పెట్టువారు కలరు. ఫ్యూజు మాడుట దాని ధర్మము. ఎక్కడనో తీగ నలిగి ఇనుమునకు తగులుచున్నదని అది తన ప్రాణమిచ్చి చెప్పుచున్నది. దానిని మాడనీయనిచో మాడునది తీగ, ఆ పిమ్మట కారు.

దీపములు లేని కాలమున ఈ పలుకులన్నియు చేతితోనే సాగెడివి. కుడికి తిరుగువాడు కుడిచేతిని బయటికి చాచెడివాడు. ఎడమకు తిరుగువాడు ఆ చేతినే గుండ్రముగా త్రిప్పెడివాడు. అరచేతిని క్రిందికి చేసి మెల్లగా ఆడించినచో వేగము తగ్గించుచున్నాడని గుర్తు. అమెరికాలో మూగచిత్రముల నటి ఫ్లారెన్స్ లారెన్స్ 1914 ప్రాంతమున మీట నొక్కగా లేచు సూచికను, బ్రేకు త్రొక్కగా కారు వెనుక పైకి లేచు ‘ఆగు’ అను పలకను తన కారునకు అమర్చుకొనెను. పేటెంటు పుచ్చుకొనలేదు, పేరును దక్కలేదు. ఆరి వెలుగు దీపములను కర్మాగారమునుండియే అమర్చి పంపుట 1939లో బ్యూయిక్ వారితో మొదలైనది. ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చిన మోరిస్ కార్లలో తలుపుల నడుమ స్తంభమునుండి చేయి చాచినట్లు చిన్న కడ్డీ ఒకటి వెలుగుచు బయటికి వచ్చెడిది. ఆ మోరిస్ వంశమున పుట్టిన అంబాసిడరు 1950ల చివర మొదలుకొని 2014 వరకు మన రోడ్లకొఱకు తయారైనది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిదప సామాన్య గృహస్థుడు కూడ కారునెక్కెను. కారు ఎక్కినవారి సంఖ్య పెరిగినంతగా వెనుక నిలిచి చూచువారి సంఖ్య పెరుగలేదు.

వెనుక అద్దములో ఎత్తున వెలుగు మూడవ బ్రేకు దీపము కథ కూడ ఇట్టిదే. 1974లో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున జాన్ వోవోడ్స్కీ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు కొన్ని టాక్సీలకు అట్టి దీపమును అమర్చి పరీక్షింపగా, వెనుకనుండి తగులు దెబ్బలు ఇంచుమించు అరువది శాతము తగ్గినట్లు తేలెను. అమెరికాలో 1986 నమూనా మొదలుకొని కొత్త కార్లకు అది విధిగా చేయబడినది. చోదకుని కన్ను సహజముగా నిలుచు ఎత్తున దీపమును నిలిపినందున కలిగిన ఫలమది. కాలమును గూర్చియు ఒక లెక్క చెప్పదగును. తీగ బల్బు వేడెక్కి పూర్తిగా వెలుగుటకు ఎల్.ఇ.డి. కంటె సెకనులో ఇంచుమించు అయిదవ వంతు ఎక్కువ పట్టును. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున వచ్చువాడు ఆ లోపల పదకొండడుగులు ముందుకు వచ్చియుండును. మాస్టారి బంపరు వద్ద మిగిలిన ఎడము జానెడు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలో 102వ నియమము ఈ సూచికలకును, ఆగుదీపములకును ప్రత్యేకింపబడినది. అయినను కోతల కాలమున తెనాలి చుట్టుప్రక్కల దారులలో గడ్డివాము వలె కదలు ట్రాక్టరు ట్రక్కును చూచినవారికి నియమమునకును రోడ్డునకును గల దూరము తెలియును. దీపములున్నను గడ్డి వానిని కప్పివేయును. కొత్త కార్లవారు వేరొక విధమున అదే పని చేయుదురు. ముచ్చటకై ఎఱ్ఱ అద్దముపై నల్లని పొర అంటింతురు. గురివిందకు క్రిందనే నలుపు. వీరిది పైన కూడ.

సాయంకాలము మాస్టారు ఇల్లు చేరిరి. ఇంటిలో పిలుచుటకెవ్వరును లేని సమయమది. షెడ్డులో కుర్రవాడు చెప్పిన ఉపాయము జ్ఞప్తికి వచ్చి, కారును వెనుకకు నడిపి, సున్నము కొట్టిన ప్రహరీగోడకు బారెడు దూరమున నిలిపిరి. మునిమాపు చీకటి అప్పుడే చిక్కబడుచున్నది. బ్రేకు త్రొక్కి అద్దములో చూచిరి. గోడపై రెండు ఎఱ్ఱని వెలుగులు సమానముగా పరచుకొనినవి. కాలు తీసిరి, అవి సన్నగిలినవి. ఎడమ ఇండికేటరు వేసిరి. గోడ తొందరలేకుండ పచ్చబడుచు, నల్లబడుచు ఉండెను. కుడిది వేసి, బ్రేకును కూడ త్రొక్కి, ఎఱ్ఱని వెలుగు ఊగునేమోనని చాలసేపు చూచిరి. ఊగలేదు.

మరునాటి ఉదయము వేమూరు దారిలో లెక్కల మాస్టారి మోటారు సైకిలు ఆ కారు వెనుకనే వచ్చినది. గేదెలున్న మలుపు వద్ద మాస్టారు బ్రేకు మెల్లగా ముందే త్రొక్కిరి. అద్దములో చూడగా తండ్రి వెనుకనుండి తొంగిచూచుచున్న పిల్ల ముఖము కనబడినది. బండి మాత్రము మునుపటికంటె రెండింతల దూరములో వచ్చుచున్నది.